నాలుగడుగులకే పడ్డ నీళ్ళు

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై రెండేళ్ళు. మా ఊరి బడి వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. జ్ఞానం కోసం వెళ్ళానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. ఆ వేళకి మా షాపు రేకుల కింద నిలబడితే మనిషి కుడుములా ఉడికిపోయేవాడు. బడి వరండాలోకి కాలవ మీంచి గాలి వచ్చేది. గాలి కోసం వెళ్ళినదాన్ని అక్షరాలు నేర్చుకుని వచ్చాను. అంతే.

ఆ చదువు గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నేను ఆడిన ఒక అబద్ధం గురించి రాస్తున్నాను. అది మా ఆయన ప్రాణం మీదికి వచ్చింది.

మాది కమ్మరి కొలిమి. మా మామగారు నాగటి కర్రులూ కొడవళ్ళూ సాగగొట్టి బతికారు. ట్రాక్టర్లొచ్చాక కర్రు అడిగే నాథుడు లేకుండా పోయాడు. మా ఆయన రాజమండ్రిలో రెండేళ్ళు ఒకరి దగ్గర పడుండి వెల్డింగు నేర్చుకొచ్చాడు. కాలవ గట్టు మీద, నీళ్ళు ఆపి వదిలే లాకులకి కాస్త ఎగువన, రేకుల షెడ్డు వేశాడు. ఆ షెడ్డులో నేనూ ఒక మనిషినే. ఆయన అతుకు వేస్తే, దాని మీద కట్టిన నల్లటి పెచ్చు సుత్తితో కొట్టి రాల్చడం నా పని. తర్వాత ఇనప బ్రష్షు రుద్దడం, ఎర్ర రంగు పూయడం. నా అరచేతుల్లో ఆ ఎర్ర రంగు ఎంతగా దిగబడిపోయిందంటే, పెళ్ళిళ్ళలో గోరింటాకు పెడతామని వచ్చినవాళ్ళు చేతులు చూసి, "ముందే పెట్టేసుకొచ్చావేంటి వదినా" అనేవారు.

తొంభైల చివర్లో పెద్ద మిషను కొన్నాం. అంతకు ముందున్నది నూనెతో చల్లబడే పాత మిషను, గట్టిగా నాలుగు వెల్డింగు రాడ్లు కాలిస్తే వేడెక్కి మూలిగేది. కొత్తది పొట్టి బీరువా అంత ఉంది. కార్తీకమాసంలో, కాలవ నిండా పారుతున్న రోజుల్లో, ట్రాక్టరు తొట్టిలో వచ్చింది. దాంతో పాటు బిగించిపెట్టడానికి కొట్టువాళ్ళు పంపిన మెకానిక్కూ వచ్చాడు. సన్నటి మనిషి, యాభై దాటినవాడు. ప్రతి మాటకీ అండీ తగిలించేవాడు, తిట్టేటప్పుడు రెండు తగిలించేవాడు.

పంతులుగారు పదకొండున్నరకి ముహూర్తం పెట్టారు. ఆ లోపల మిషను బిగించి, కరెంటు ఇచ్చి, మొదటి అతుకు పడాలి. నేను పొద్దున్నే మిషనుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు దాని నెత్తి మీద పోయబోయాను.

"అమ్మగారూ! ఏంటండీ అది, మిషనుకి తలంటు పోస్తున్నారేంటండీ?" అని మెకానిక్కు పరిగెత్తుకొచ్చాడు. "ఆ పైనున్నవి గాలి కంతలండీ. నీళ్ళు లోపలికి దిగితే ముహూర్తానికి టపాకాయలు కూడా మీరు కొనక్కర్లేదండీ."

నీళ్ళు పక్కన పోశాను. ఆ రోజు ఆయన చెప్పినవన్నీ ఒక్కోటీ మాకు వింతగానే ఉన్నాయి. మిషను నేల మీద పెట్టకూడదట, ఇటుకలు పేర్చి ఎత్తు మీద పెట్టాలట. గోడకి ఆనించకూడదట, మూరెడు ఎడం ఉంచితేనే దానికి ఊపిరాడుతుందట. మెయిన్ స్విచ్చి మిషను వెనకాల బిగిద్దామని మా ఆయన అంటే, "నిప్పంటుకున్నాక మిషను దాటి వెళ్ళి కట్టేస్తారాండీ?" అని అడిగాడు. దాన్ని షెడ్డు గుమ్మం పక్కన, నా చెయ్యి అందే ఎత్తులో పెట్టించాడు. మిషను నుంచి వచ్చే రెండో కేబులు చివర ఉండే పట్టకారు మేము షెడ్డు స్తంభానికి తగిలించేవాళ్ళం. అతికే ఇనుము ఎలాగూ స్తంభానికి ఆనే ఉంటుంది కదా అని. అది చూసి ఆయన తల పట్టుకున్నాడు. అతికే ముక్కకే, అతుకు పక్కనే, రంగు గీకి తగిలించాలన్నాడు.

మెకానిక్కు మా ఆయన కాళ్ళకేసి చూసి అడిగాడు. "బూట్లేవండీ?"

"కొలిమి దగ్గర చెప్పులేసుకోమండి. మా నాన్నగారి నుంచీ అంతే."

"ఇది కొలిమి కాదండి. ఈ అమ్మవారికి ఒట్టికాళ్ళవాళ్ళంటే మహా ఇష్టమండి, దగ్గరికి లాక్కుంటుంది."

మా ఆయన ఒప్పుకోలేదు. చివరికి తాటి పలక ఒకటి వేసి, దాని మీద నిలబడి చేస్తానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, పలక గుర్తున్నప్పుడల్లా.

అసలు సంగతి ఎర్తు గొయ్యి. షెడ్డు వెనకాల తొమ్మిదడుగుల గొయ్యి తవ్వి, తొమ్మిదడుగుల ఇనప పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు వేసి పూడ్చి, ఆ పైపు నుంచి మిషను ఒంటికి తీగ కట్టాలన్నాడు. ఎందుకని అడిగాను. ఆయన నా మొహం చూసి, తేలిగ్గా తీసిపారెయ్యకుండా చెప్పాడు.

"మీ చేలోకి నీళ్ళెలా వస్తాయండీ?"

"పంటకాలవలో."

"ఎక్కువైన నీళ్ళు?"

"మురుగుకాలవలోకి పోతాయి."

"మురుగుకాలవ పూడిపోతే?"

"చేను కుళ్ళిపోద్ది."

"ఆయ్. ఏ మిషనులోనైనా ఎప్పటికో అప్పటికి కరెంటు కాస్త బయటికి కారుతుందండి. అది పోవడానికి ఈ పైపు మురుగుకాలవ. ఇది పూడిపోతే మనిషి ఒంట్లోంచి పోతుందండి. చేనైతే మళ్ళీ ఏడు వేసుకోవచ్చు."

అంత బాగా చెప్పాక కూడా నేను చేసిన పని చూడండి.

తవ్వడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాం. మెకానిక్కు కరెంటు స్తంభం దగ్గర లైను పని చూసుకోవడానికి వెళ్ళాడు. నాలుగడుగులు తవ్వేసరికి గోతిలోకి బుడబుడ నీళ్ళొచ్చేశాయి. పక్కనే కాలవ, రాక ఏం చేస్తాయి? తోడేకొద్దీ ఊరుతున్నాయి, గోడలు జారుతున్నాయి. తవ్వేవాళ్ళు మోకాలి లోతు బురదలో నిలబడి నా మొహం చూశారు. పదకొండు అవుతోంది. మా ఆయన, "తొమ్మిదన్నాడు కదే" అని నసిగాడు.

"తొమ్మిదెందుకు? నీళ్ళు పడేదాకానే కదా. మెట్ట ప్రాంతాల వాళ్ళకి తొమ్మిది కావాలి, మనకి కాలు మోపితే నీళ్ళే. కానివ్వండి" అన్నాను.

పైపు కోయించింది కూడా నేనే. నాలుగున్నర అడుగుల ముక్క గోతిలో దింపి, బొగ్గూ ఉప్పూ పోసి పూడ్పించేశాను. మిగతా ముక్క షెడ్డు పక్కనే ఉన్న మా ఇంటి పెరట్లోకి మోయించాను, బట్టలారేసుకోవడానికి బావుంటుందని.

మెకానిక్కు వచ్చి చూశాడు. పైపు మూతి తప్ప పైకి ఏమీ కనపడదు. "తొమ్మిదీ దిగిందాండీ?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. నాకా జబ్బు లేదు.

"దిగిందండి" అన్నాను.

మెకానిక్కు చెక్క మీద ఒక బల్బూ, రెండు స్విచ్చిలూ బిగించి గోడకి కొట్టాడు. దానికి కరెంటు మిషను మెయిన్‌తో, ఫీజులతో పని లేకుండా లైట్ల లైనులోంచి విడిగా ఇచ్చాడు. కుడి స్విచ్చి నొక్కితే మామూలు కరెంటుతో బల్బు వెలుగుతుంది. ఎడమది నొక్కితే కరెంటు ఆ ఎర్తు పైపులోంచి భూమిలోకి పోతూ వెలిగిస్తుంది. రెండు వెలుగులూ ఒకేలా ఉంటే మురుగుకాలవ బావున్నట్టు. ఎడమది మసకేస్తే పూడినట్టు. నెలకోసారి చూసుకోవాలి, చూసేటప్పుడు మిషను మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు. రెండూ నొక్కాడు. రెండూ ధగధగమన్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

"మసకేస్తే ఏం చెయ్యాలండీ?" అనడిగాను.

"మెయిన్ కట్టేసి, ఫీజులు పీకి, నాకు కబురు చెయ్యండి. బల్బు బాగుపడేదాకా రాడ్డు ముట్టుకోకూడదండి. ఇవన్నీ రాసుకోండి, మర్చిపోతారు."

ఎర్ర రంగు డబ్బా తెచ్చి గోడ మీద రాశాను. నేను పలక దాటి రాసిన మొదటి రాత అది. అక్షరాలు ఒకటి మినుములంత, ఒకటి గుమ్మడికాయంత. మా ఆయన వెనక నిలబడి, "కలెక్టరమ్మగారు ఉత్తర్వులు రాస్తున్నారండోయ్" అన్నాడు. ముహూర్తానికి మొదటి అతుకు పడింది. మెకానిక్కు మా ఇంట్లో పులసో బొచ్చో ఏదైతేనేం, చేపల పులుసు తిని, బావుందండీ అని మూడుసార్లు అని, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆరు నెలలూ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటాయి. చలికాలం పొద్దుట కాలవ మీద పొగమంచు ఉండగానే మా ఆయన రాడ్డు అంటించేవాడు. ఆ నీలం వెలుగు మంచులో కరిగిన పాలలా కనపడేది. గట్టు మీద పోయేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుని పోయేవాళ్ళు, అయినా ఆగి మాట్లాడేవాళ్ళు. ముసుగు తీస్తే మా ఆయన మొహం మీద చెమట, కళ్ళల్లో నవ్వు. కాలిన రాడ్డు వాసన నా చీరల్లో, నా జుట్టులో, మా ఇంటి దుప్పట్లలో. ఇప్పుడా వాసన ఎక్కడైనా రోడ్డు పక్కన తగిలితే, ఆటో ఆపమని చెప్పి కాసేపు కూర్చుంటాను. కళ్ళకి మంచిది కాదు నాయనా అనుకుంటూనే కూర్చుంటాను.

అక్షరాలొచ్చిన కొత్తలో కనపడిందల్లా చదివేదాన్ని. రాడ్ల అట్టపెట్టెలు, లారీల వెనక రాతలు, ట్రాక్టరు బురదరేకుల మీద దేవుళ్ళ పేర్లు. ఒకటో తారీకున బల్బు స్విచ్చిలు రెండూ నొక్కి, సుద్దముక్కతో గోడ మీద నెల పేరు రాసి, పక్కన "బాగుంది" అని రాసేదాన్ని. అలా ఆరు బాగున్నాలు రాశాను.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. రెండో పంట, దాళ్వా, కోతలయ్యాక ఏటా కట్టేస్తారు. నీళ్ళు దిగిపోయి, గుంటల్లో మిగిలిన చేపల కోసం జనం బుట్టలూ వలలూ పట్టుకుని కాలవలోకి దిగుతారు. రెండు రోజులు ఊరంతా నీచు వాసన. ఆ తర్వాత కాలవ అడుగు నెర్రెలు విచ్చి, తాబేటి వీపులా ఎండుతుంది. మాకు పని ముంచుకొచ్చేది అప్పుడే. జూన్‌లో కాలవలు వదిలే లోపల రైతులందరికీ దమ్ము చక్రాలు కావాలి. పొలంలో నీళ్ళు పెట్టి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు రబ్బరు చక్రాలు దిగబడిపోతాయి కాబట్టి వాటి స్థానంలో వేసే ఇనప చక్రాలు. పాతవి బాగుచెయ్యడం, కొత్తవి కట్టడం. గట్టు పొడవునా మా షాపు నుంచి లాకుల దాకా చక్రాలు వరసగా పడి ఉండేవి.

మే నెల ఒకటిన స్విచ్చి నొక్కాను. కుడిది ధగధగ. ఎడమది నొక్కితే బల్బులో తీగ మాత్రం ఎర్రగా, ఆరిపోబోయే చుట్ట చివరలా వెలిగింది. మళ్ళీ నొక్కాను. అదే.

"ఏవండీ, ఎర్తు బల్బు మసకేసింది."

"వేసవి కదే, వోల్టేజీ ఉండదు" అన్నాడు మా ఆయన ముసుగు ఎత్తకుండా.

"కుడిది బానే ఉంది మరి."

"ఉంటుందిలే."

ఏం జరిగిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. కాలవ ఎండింది. కాలవతో పాటు గట్టు కింద నేలా ఎండింది. నాలుగడుగుల నీళ్ళు కిందికి దిగిపోయాయి. కార్తీకంలో తడిసిన గోతిని చూసి, అది పన్నెండు నెలలూ అలాగే ఉంటుందనుకున్నాను. కాలవ పక్కన పుట్టి, కాలవ పక్కన కాపరం చేసి, ఏటా కాలవ ఎండటం చూసినదాన్ని నేను. బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో.

అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. బోరింగు పంపు దగ్గర్నించి బిందెలతో నీళ్ళు మోసి ఆ పైపు చుట్టూ పోశాను. బల్బు కాస్త తేరుకుంది. మధ్యాహ్నానికి మళ్ళీ చచ్చింది. మళ్ళీ మోశాను. నాలుగు రోజులు అలా మోశాను. ఎవరైనా అడిగితే, కొబ్బరి మొక్క పెట్టానని చెప్పాను. ఆ నెల "బాగుంది" రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. పేరు రాసి వదిలేశాను.

ఐదో రోజు మా ఆయన మిషను మీద పిడి తిప్పుతూ చెయ్యి విదిలించాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. చీమ కుట్టినట్టు జిల్లుమంది. చెమట."

"పలక మీద నిలబడ్డారా?"

"నిలబడ్డానే తల్లీ." లేడు. పలక చక్రం కింద ఎత్తుకి పెట్టి ఉంది.

మర్నాడు రెండుసార్లు జిల్లుమంది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు ఎత్తితే చెయ్యి వణికి సగం అన్నంలో, సగం పంచె మీద పడింది. ఆయన నా వైపు చూడకుండా, "ఎండ" అన్నాడు. అంతకు గంట ముందు షెడ్డులో దబ్బుమని చప్పుడైతే, రాడ్డు పట్టుకునే హోల్డరు జారిపడిందని చెప్పాడు. హోల్డరు పడితే అంత చప్పుడు రాదు, పడింది మనిషి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఆయన చెయ్యి కడుక్కుంటుంటే నేను షెడ్డులోకి వెళ్ళాను. మెయిన్ స్విచ్చి కిందికి లాగి, మూత తీసి, మూడు పింగాణీ ఫీజులూ పీకి, కొంగులో మూట కట్టుకుని, గట్టు దిగి ఎండిన కాలవలోకి వెళ్ళి వంతెన నీడలో కూర్చున్నాను. ఇంట్లో కూర్చుంటే లాక్కుంటాడని తెలుసు. నలుగురూ చూసేచోట లాక్కోడు.

కాసేపటికి గట్టు మీద మాటలు వినపడ్డాయి. ముందు మా ఆయన, వెనక చక్రాల కోసం పొద్దుట్నించీ కూర్చున్న నలుగురు రైతులు.

"ఏమే, మతి పోయిందా? ఫీజులివ్వు" అన్నాడు మా ఆయన.

"ఇవ్వను."

"జనం కూర్చున్నారే!"

"కూర్చోనీండి. శవం పక్కనైనా కూర్చోవాలిగా."

ఆ మాటకి అందరూ బిత్తరపోయారు. ఆ నలుగురిలో పెద్దాయన ఒకరున్నారు, ఐదెకరాల రైతు, మా మామగారి దగ్గర కర్రులు చేయించుకున్న మనిషి. చుట్ట నోట్లోంచి తీసి, "ఏంటి చెల్లెమ్మా ఆ మాటలు? కాలవలు వదలడానికి నెల కూడా లేదు. ఆకుమళ్ళు దున్నాలా వద్దా?" అన్నారు.

"అన్నయ్యగారూ, మీ చక్రాల కోసం ఈయన రోజూ కరెంటు మింగుతున్నాడు. ఈ పూట పడ్డాడు కూడా. అడగండి."

ఆయన అడగలేదు, మా ఆయన మొహం చూశారు. చాలింది.

"అదేం లేదండి, కాలవలో నీళ్ళొస్తే అదే సర్దుకుంటుంది. అప్పటిదాకా జాగ్రత్తగా చేస్తాను" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు కాలవ ఎండితే పాడై, కాలవ వస్తే బాగవుతుందో ఆయనకీ తెలుసన్నమాట. బట్టలారేసిన పైపు రోజూ చూస్తూనే ఉన్నాడు. నన్ను నలుగురిలో పల్చన చెయ్యడం ఇష్టంలేక, జిల్లుమన్న ప్రతిసారీ మింగి ఊరుకున్నాడు. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన నాకు చేసిన పెద్ద మేలూ, పెద్ద తెలివితక్కువ పనీ అదే.

లేచి నిలబడ్డాను.

"తప్పు నాది. మెకానిక్కు తొమ్మిదడుగులు తవ్వమన్నాడు. నాలుగడుగులకి నీళ్ళు పడ్డాయని నేనే ఆపేయించాను. తొమ్మిదీ తవ్వామని ఆయనకి అబద్ధం చెప్పాను. పైపు కోసి సగం పెరట్లో దండెం వేసుకున్నాను. అది బాగుపడేదాకా ఫీజులు నా కొంగులోంచి రావు. మీ చక్రాలు వేరే ఊరు పట్టుకుపోతే పట్టుకుపోండి."

వాళ్ళలో ఒక కుర్ర రైతు, "నీళ్ళు పోశానన్న కొబ్బరి మొక్క అదేనాండీ?" అన్నాడు. పెద్దాయన వాడి నెత్తి మీద ఒకటిచ్చారు. తర్వాత చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నారు.

"తొమ్మిదడుగులే కదా. ఒరే, పారలు తెండి. మట్టి తవ్వడం మనకి చెప్పాలా?"

"పైపు?" అన్నాడు మా ఆయన.

"మా పాత బోరు పైపు పన్నెండడుగులది దూలాల మీద పడుంది. ఎలకలు పరిగెత్తడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు."

ఆ ఎండలో నలుగురు రైతులూ మా ఆయనా వంతులేసుకుని తవ్వారు. మొదటి నాలుగడుగులూ పార గుచ్చుకుంటే ఖణేల్‌మంది. పాత పైపు ముక్క చేత్తో పీకితే వచ్చేసింది, ఎండిన పన్ను ఊడినట్టు. దాని చుట్టూ బొగ్గు పొడిపొడిగా రాలింది, ఉప్పు ఆనవాలు లేదు. ఆరడుగుల దగ్గర మట్టి రంగు తిరిగింది. ఏడు దాటాక చేతికి చల్లగా తగిలింది. ఎనిమిదిన్నర దగ్గర కుర్ర రైతు కిందనుంచి, "నీళ్ళు!" అని అరిచాడు.

"అక్కడితో ఆపొద్దు" అన్నాను గట్టు మీంచి.

"ఆయ్, తమరి ఉత్తర్వులండీ" అని వాడు ఇంకో రెండడుగులు తవ్వాడు.

పన్నెండడుగుల పైపు దింపాం. మా వీధిలో ఉన్న ఉప్పూ బొగ్గూ అన్నీ ఆ గోతిలోకే పోయాయి. తీగ కట్టి, బోల్టులు బిగించి, మా ఆయన గోతి మట్టి దులుపుకుంటూ బల్బు ముందు నిలబడ్డాడు. మిషను దగ్గర్నించి అందర్నీ వెనక్కి పంపాను. ఎడమ స్విచ్చి నొక్కాను. ఎండ పొద్దులో కూడా కళ్ళు జిగేల్‌మన్నాయి.

ఫీజులు తీసి ఇవ్వబోతే మా ఆయన పుచ్చుకోలేదు.

"ఇంకో పని ఉంది కదే. లోపల కారుతున్నదాని సంగతి? గోడ మీద రాసింది నువ్వేగా, నాకు కబురు చెయ్యండి అని."

అది నిజమే. మురుగుకాలవ తవ్వినంత మాత్రాన గట్టుకి పడ్డ గండి పూడదు. మర్నాడు పొద్దున్నే కబురు పంపాను, సాయంత్రానికి మెకానిక్కు దిగాడు. మిషను విప్పి, లోపల ఒకచోట తడికి చెడిన తీగచుట్టని ఆరబెట్టి, వార్నిషు పూసి, మళ్ళీ ఎండబెట్టాడు. దానికి రెండు రోజులు పట్టింది. చక్రాలు గట్టు మీదే ఉన్నాయి. ఒక్క చక్రం కూడా వేరే ఊరు పోలేదు.

మెకానిక్కుకి నా అబద్ధం సంగతి నేనే చెప్పాను. ఆయన వంగి పైపు మూతి తట్టి చూశాడు.

"నా తప్పు కూడా ఉందండి. కార్తీకంలో నీళ్ళు చూసి నేనూ మురిసిపోయాను. గోతిలోకి కర్ర దింపి చూడాల్సిందండి" అన్నాడు. ఆ మాటకి ఒక్క అండీయే తగిలించాడో రెండు తగిలించాడో గుర్తులేదు. నేను మాత్రం ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ మూడో రోజు పొద్దున మిషను సిద్ధంగా ఉంది. రైతులొచ్చారు. మా ఆయన తాటి పలక తెచ్చి నేల మీద వేసి, దాని మీద నిలబడి, ముసుగు నెత్తి మీదికి ఎత్తుకుని, మెయిన్ స్విచ్చి పక్కన నిలబడ్డ నా వైపు తిరిగాడు. అప్పటిదాకా ఎప్పుడూ, ఏ పనికీ, ఆ మనిషి నన్ను అడిగింది లేదు.

"వెయ్యమంటావా?" అన్నాడు.

రైతులు చూస్తున్నారు. బల్బు నొక్కి చూసుకుని, "వెయ్యండి" అన్నాను.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ షాపు నడిచింది. ఎన్ని వందల చక్రాలు కాలవ గట్టు దిగి పొలాల్లోకి పోయాయో లెక్కలేదు. ఏ రోజూ నేను గుమ్మం పక్కన నిలబడి సరేననకుండా ఆయన రాడ్డు అంటించలేదు. ఒంట్లో బాగోక నేను ఇంట్లో పడుకుంటే, నా మంచం దగ్గరికొచ్చి అడిగి వెళ్ళేవాడు. ఇంట్లో పడుకున్నదానికి బల్బేం తెలుస్తుందండీ అంటే, "తెలుసో తెలీదో, నువ్వు చెప్పు" అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఆయన వెళ్ళాక, మంచంలోంచే చెవి పెట్టి వినేదాన్ని, మొదటి రాడ్డు అంటుకున్న చర్రుమనే చప్పుడు వచ్చేదాకా.